ఏడు టెంకలు

మా ఇంట్లో నేను ఇరవై ఏళ్ళుగా ‘ఊ’ అంటున్నాను. ఇది మంచి అలవాటు కాదని నాకెవరూ చెప్పలేదు. చెప్పే ఉంటారు. దానికీ ఊ అనే ఉంటాను.

తాగను. పేకాడను. ఇంట్లో ఎవరి మీదా చెయ్యెత్తలేదు. ఈ మూడూ తలుచుకుని నేను మంచి తండ్రినని చాలాకాలం అనుకున్నాను. నూజివీడు పక్కన మాకు నాలుగెకరాల మామిడి తోట ఉంది. పొద్దున్నే తోటకి వెళతాను, ఎండెక్కాక ఇంటికొస్తాను, అన్నం తింటూ ఫోన్ చూస్తాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడో, మా అమ్మాయో ఏదో ఒకటి చెబుతారు. నేను ఊ అంటాను. నేను విన్నానని వాళ్ళు అనుకుంటారు. నేనూ అలాగే అనుకుంటాను.

మా అమ్మాయి ఒక్కతే సంతానం. ఇంటర్ అయ్యాక ఏ చదువులో చేరాలో నన్ను అడిగిందట. నేను ఊ అన్నానట. హాస్టల్‌కి తీసుకెళ్ళాల్సిన సామాన్ల చీటీలో గమ్‌బూట్లు ఉండటం చూసి, కంప్యూటర్లు చదివే పిల్లకి ఇవెందుకని అడిగాను. తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పిల్ల చేరింది తోటల చదువులోనని నాకు అలా తెలిసింది. నాలుగెకరాల మామిడి తోట ఉన్నవాడికి కూతురు మామిడి గురించి చదవబోతోందని బూట్లు చెప్పాల్సి వచ్చింది.

మూడో ఏడాదిలో ఉండగా, ఆ పిల్ల మా ఇంటి చెట్టు మీద ఒక పని మొదలుపెట్టింది. ముందు ఇంటి చెట్టంటే ఏమిటో చెప్పాలి. మా వైపు తోటని పూత మీదే గుత్తకి ఇచ్చేస్తాం. ఆ ఏడాదికి కాయంతా గుత్తదారుది. ఇచ్చేటప్పుడు ఒక్క చెట్టు మాత్రం మా తిండికని ఉంచుకుంటాం. మాది చిన్న రసం చెట్టు, పెరట్లో బావి పక్కన ఉంటుంది. దాని తొలికోత మేం తినం. ముందు కావలసినవాళ్ళ ఇళ్ళకి పంపి, ఆ తరవాతే ఇంట్లో తినాలి. పంపే కాయ మీద మచ్చ ఉండకూడదు. మా నాన్న అలా చేసేవాడు, నేనూ అలాగే చేస్తాను. ఈ ఒక్క విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేదు.

అమ్మాయి చేసిన పని నేనిప్పుడు వివరంగా చెప్పగలను. అప్పుడు చెప్పలేకపోయేవాణ్ణి. చిన్న రసం తీపి గొప్పది గానీ తోలు పల్చన, లారీ ఎక్కితే దిగేసరికి సగం నలిగిపోతుంది. బంగినపల్లికి ప్రయాణం ఒక లెక్క కాదు. ఈ రెంటినీ కలిపితే ఏమొస్తుందో చూద్దామని ఆ పిల్ల ఆలోచన. పూత మీద, సెలవుకి వచ్చినప్పుడల్లా తెల్లవారగానే నిచ్చెన వేసుకుని, చిన్న పట్టకారుతో రసం పువ్వులో పుప్పొడి తిత్తులు తుంచేసి, బంగినపల్లి పుప్పొడి అద్ది, పూలగుత్తికి కాగితం సంచి తొడిగేది. రెండు వందల పైచిలుకు పూలకి అలా చేసింది. మామిడి పువ్వు నిలవడం తక్కువ. గాలికీ తేనెమంచు పురుగుకీ పోగా చివరికి ఏడు కాయలు నిలిచాయి. వాటికి గోధుమరంగు కవర్లు తొడిగి, కాడకి దారంతో చిన్న అట్టముక్కలు కట్టింది. ఆమెకి కావలసింది కాయ కాదు, లోపలి టెంక. ఆ టెంక మొలిస్తేనే కొత్త చెట్టు.

ఇదంతా నాకు మూడుసార్లు చెప్పిందట. ఒకటి పూత మీద, రెండు పిందె మీద, మూడు పరీక్షలకి ముందు ఫోన్లో. “నాన్నా, కవర్లేసిన ఏడు కాయలు ఎవర్నీ కోయనీకు, నేనొచ్చి కోస్తా” అందట. మూడోది నాకు లీలగా గుర్తుంది. అప్పుడు స్పీకర్ పెట్టి వాతావరణం చూస్తున్నాను.

మే నెలలో తొలికోత కోశాను. చెట్టు మీద ఎక్కువ కాయలకి సొన మచ్చలున్నాయి. కవర్లలోని ఏడు మాత్రం పెళ్ళికూతురి బుగ్గల్లా ఉన్నాయి. ఈ మధ్య మా వైపు కాయకి మచ్చ పడకుండా కవర్లు తొడగడం అందరూ చేస్తున్నారు. ఇళ్ళకి పంపడానికని మా ఆవిడ తొడిగిందనుకుని, మనసులోనే మెచ్చుకున్నాను కూడా. అట్టముక్క మీద తేదీ ఉంటే కోయాల్సిన తేదీ అనుకున్నాను. అది ఫిబ్రవరి తేదీ. కాస్త ఆలస్యమైందని తొందరపడ్డాను.

నాలుగు కాయలు ఉంగుటూరులో మా అక్కకి, మూడు కాయలు నూజివీడులో నాకు చదువు చెప్పిన మాస్టారికి ఇచ్చి వచ్చాను. ఇద్దరూ ఎంతో సంతోషించారు. కవర్లు మడత నలగకుండా అలమరలో పెట్టాను. దారాలు కూడా పారేయలేదు. మా ఇంట్లో ఏదీ వృథా కానివ్వను.

పన్నెండు రోజులకి అమ్మాయి పరీక్షలు అయిపోయి ఇంటికొచ్చింది. బ్యాగు దించకుండానే పెరట్లోకి వెళ్ళి, వెంటనే తిరిగి వచ్చింది.

“నాన్నా, కవర్లేసిన కాయలేవి?”

“ఇళ్ళకి పంపించేశానమ్మా. భలే కాయలు.”

ఆ పిల్ల కుర్చీలో కూర్చుంది. నేను అలమర తెరిచి కవర్లు చూపించాను. ఎందుకు చూపించానో తెలియదు, జాగ్రత్తగా పెట్టానని తెలియాలనుకున్నానేమో.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. “మీకు మూడుసార్లు చెప్పింది కదండీ. నా ముందే చెప్పింది.”

“నాకు చెప్పలేదు.”

“ఊ అన్నారు.”

నేను అలమర మూశాను.

అప్పుడు అమ్మాయి నాకు నాలుగోసారి చెప్పింది, పైన నేను రాసినదంతా. ఈసారి పూర్తిగా విన్నాను. విన్నాక చూస్తే అంత కష్టమైన విషయం కూడా కాదు. మామిడి టెంక ఎండితే మొలవదని, పారేసినా తడిలో పడి ఉంటే ఇంకా బతికే ఉంటుందని కూడా చెప్పింది. నేను లేచి చెప్పులేసుకున్నాను.

“ఎక్కడికి?” అంది మా ఆవిడ.

“టెంకలు తెస్తాను.”

మొదట ఉంగుటూరు వెళ్ళాను. అక్క వాకిట్లో చేటలో బియ్యం పోసుకుని ఏరుతోంది. నేను వచ్చిన పని చెప్పాను. చేట పక్కన పెట్టింది.

“ఏంట్రా, మళ్ళీ చెప్పు?”

“ఆ కాయల టెంకలు కావాలక్కా.”

“కాయలిచ్చి టెంకలడిగేవాణ్ణి ఈ జన్మలో నిన్నే చూశాను. తొక్కలక్కర్లేదా? గేదె తినేసింది, దాన్నడుగు.”

“అక్కా, నవ్వులాట కాదు. అమ్మాయి చదువు.”

“టెంకల చదువేంట్రా?” అని, నేను చెప్పిందంతా విని, అక్క నవ్వడం మానేసింది. “నా మేనకోడలు అంత పని చేసి పెట్టుకుంటే కోసుకొచ్చి నాకిచ్చావా? ఆ పిల్ల మొహం నేనెట్టా చూసేది? తిన్నదాన్ని నేను కదా!”

అక్క అదృష్టమో నాదో, ఆ నాలుగు కాయలు మరీ బాగున్నాయని, టెంకలు పారేయకుండా నీళ్ళ కుళాయి పక్కన తడిమట్టిలో గుచ్చింది. నాలుగూ దొరికాయి. మట్టితో సహా తీసి తడిగుడ్డలో చుట్టి ఇచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి వెళ్ళమని మాత్రం అనలేదు. మా అక్క ఇంటి నుంచి నేను తినకుండా రావడం అదే మొదలు.

నూజివీడులో మాస్టారు పడక్కుర్చీలో ఉన్నారు. నేను నిలబడే చెప్పాను. ఆయన ముందు ఇప్పటికీ నిలబడే మాట్లాడతాను.

“నాకు షుగరు కదోయ్. దొంగచాటుగా ఒకటి తిన్నాను. రెండు మీ పంతులమ్మగారు తిన్నారు. టెంకలా? చెత్త బండిలో వేశాం. తడి చెత్త వేరుగా, పొడి చెత్త వేరుగా. టెంక తడిదా పొడిదా అని మా ఇద్దరికీ కాసేపు వాదన కూడా అయింది.”

“ఎప్పుడు వేశారండీ?”

“నాలుగు రోజులైంది. ఎందుకోయ్?”

చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని అన్నారు: “చిన్నప్పుడు నువ్వు మొదటి బెంచీలో కూర్చునేవాడివి. నేను అడిగినదానికల్లా తలూపేవాడివి. పరీక్ష పెడితేగానీ నాకు తెలిసేది కాదు.”

చెత్త ఎక్కడ పోస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. బండి స్టార్ట్ చేశాక అటు వెళ్ళాలా, ఇంటికి వెళ్ళాలా అని రోడ్డు మొదట్లో ఆగాను. పక్కనే టీ కొట్టు ఉంది. ఒక టీ తాగాను. ఊరి చెత్తలో మూడు టెంకలు దొరకవు. దొరికినా అవేనని చెప్పలేం. ఈ మాట నిజమే. కానీ నేను వెళ్ళకపోవడానికి కారణం అది కాదు. ఎవరైనా చూస్తారని వెళ్ళలేదు.

ఇంటికి వచ్చేసరికి అమ్మాయి లోపల పడుకుని ఉంది. మా ఆవిడ గిన్నెలు తోముతోంది. నేను పెరట్లోకి వెళ్ళి గుడ్డ విప్పాను. నాలుగు టెంకలు. బావి గట్టు పక్కన తొక్కలూ టెంకలూ వేసే బకెట్టు ఉంది. మేం ఆ వారమంతా తిన్నవి అందులోనే ఉన్నాయి. అదే చెట్టు కాయలు, అదే టెంక, అదే పీచు. పుప్పొడి ఏదైనా టెంక రూపం తల్లి చెట్టుదే ఉంటుంది. ఈ సంగతి అమ్మాయి ఆ పూటే నాకు చెప్పింది. నేను జీవితంలో శ్రద్ధగా విన్న మొదటి పాఠాన్ని మొదట వాడుకున్నది ఇలా.

బకెట్టులోంచి మూడు తీసి కడిగాను. నాలుగింటితో పాటు మట్టిలో పొర్లించాను. గుడ్డలో చుట్టి కాసేపు అటూ ఇటూ కుదిపాను. నాకే తేడా తెలియకపోతే మొహంలో కనిపించదని.

అమ్మాయి లేచి వచ్చింది. గుడ్డ విప్పి లెక్కపెట్టింది.

“ఏడూ దొరికాయా?”

“దొరికాయమ్మా.”

ఊ అనలేదు. మాట పలికి మరీ చెప్పాను.

ఆ పిల్ల నా భుజం మీద తల ఆన్చింది. పదో తరగతి తరవాత అలా ఆన్చలేదు. ఆ సాయంత్రం టెంకలు ఒక్కొక్కటే చీల్చి, లోపలి జీడి గింజ తీసి, నల్ల సంచుల్లో మట్టీ ఎరువూ కలిపి నాటింది. సంచుల మీద తెల్ల రంగుతో ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు వేసింది. అక్కకి ఫోన్ చేసి, “అత్తా, ఏం ఫర్వాలేదు, నాన్న అన్నీ తెచ్చేశాడు” అని చెప్పింది. అక్క ఎన్ని అని అడగలేదు. అడగాలని నేను పక్కనే నిలబడి కోరుకున్నాను. అడక్కూడదని కూడా.

ఇరవై రోజులకి ఆరు మొలిచాయి. రాగి రంగులో లేత ఆకులు వేలాడుతున్నాయి. అమ్మాయి హాస్టల్ నుంచి వీడియో కాల్ చేసి రోజూ చూపించమనేది. నేను ఫోన్ పట్టుకుని ఒక్కో సంచి ముందు ఆగేవాణ్ణి. ఆ పిల్ల ఒక్కోదాని ఆకులు లెక్కపెట్టించేది. ఇరవై ఏళ్ళలో మేమిద్దరం అంతసేపు మాట్లాడుకున్నది ఆ నెలరోజుల్లోనే. కాలేజీలో తన మేడంకి చెప్పిందట, మా నాన్న ఊరూరూ తిరిగి టెంకలు ఏరుకొచ్చాడని. ఆ మేడం క్లాసులో అందరికీ చెప్పిందట. మొక్కల్ని కాలేజీ తోటలో నాటి, కాపుకొచ్చేదాకా ఐదారేళ్ళు రికార్డు రాస్తామని, ఒకటి నుంచి ఏడు దాకా పేజీలు కూడా గీశామని అమ్మాయి చెప్పింది.

ఐదారేళ్ళు. ఆ మాట నాకు అన్నం దగ్గర కూడా వినిపించేది. ఆరింటిలో రెండు గానీ మూడు గానీ ఉత్త చిన్న రసాలు కాస్తాయి. అప్పుడు ఆ పిల్ల తన చేతిపని ఎక్కడ తప్పిందా అని వెతుక్కుంటుంది. తన తప్పేననుకుంటుంది. నేను అప్పటికి బహుశా పక్కనే కూర్చుని అన్నం తింటూ ఉంటాను.

మొక్కలు తీసుకెళ్ళడానికి ఒక ఆదివారం అమ్మాయి వచ్చింది. తొలకరి పడి వాకిలంతా చిత్తడిగా ఉంది. సంచులన్నీ వరండాలో పెట్టి, అట్టపెట్టెలో సర్దుతోంది. మా ఆవిడ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది.

“అమ్మా,” అన్నాను. “ఆ ఏడు టెంకల్లో నాలుగే నీవి.”

“అంటే?”

“మాస్టారి దగ్గర మూడూ దొరకలేదు. మన బకెట్టులోవి కలిపాను.”

అమ్మాయి చేతిలో నాలుగో నంబరు సంచి ఉంది. దాన్ని జాగ్రత్తగా కింద పెట్టింది.

“ఏవి? అంకెలు చెప్పు, అవి తీసేస్తా.”

“తెలియదమ్మా.”

“గుర్తు పెట్టుకోలేదా?”

“తెలియకుండా ఉండాలనే కలిపాను.”

మా ఆవిడ చిక్కుడుకాయలు విరుస్తూనే ఉంది. అప్పుడు అమ్మాయి నావైపు కాకుండా వాళ్ళమ్మ వైపు తిరిగి అంది: “నాలుగే దొరికాయని చెప్పుంటే నాకు నాలుగుండేవమ్మా. ఇప్పుడు ఒక్కటి కూడా లేదు.”

కాయలు కోసినప్పుడు నేను ఆ పిల్ల పని పాడుచేశాను. దానికి అజ్ఞానం అని పేరు పెట్టుకోవచ్చు. మిగిలిన సగాన్ని పాడుచేసింది నా మంచితనం మీద నాకున్న ఆశ. పెద్ద తప్పు అదే. ఆరు సంచుల ముందు నిలబడ్డాకే నాకా సంగతి తెలిసింది.

మా ఆవిడ తలెత్తకుండా అంది: “మీరు ఆ టెంకలు కడగడం నేను చూశాను.”

“చూసి చెప్పలేదా?”

“మీరే చెప్తారని చూస్తున్నా. నెలన్నర పట్టింది.” ఇంకో కాయ అందుకుని, “నయమే. నా మోకాలి నొప్పి గురించి చెప్పి మూడేళ్ళయింది” అంది.

అమ్మాయి మొక్కలు తీసుకెళ్ళలేదు. రికార్డులో పేజీలు కొట్టేశారని తరవాత తెలిసింది. మేడం ఏమందని అడిగితే, “పుస్తకం మూసేసింది” అంది. క్లాసులో పిల్లలకి ఏం చెప్పిందో అడగలేదు. ఆరు మొక్కల్నీ తోట చివర ఒక వరసలో నాటి, నేనే నీళ్ళు పోస్తున్నాను. నీళ్ళు పోసినంత మాత్రాన ఏదీ తేలదు. వాన పడని రోజు పోయాలి, పోస్తున్నాను. ఆ నెలలోనే మా ఆవిణ్ణి మోకాలికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. డాక్టరు ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే నేనే చెప్పాను.

మళ్ళీ పూత వచ్చింది. జనవరి చివర అమ్మాయి ఇంటికొచ్చింది, పట్టకారు, కాగితం సంచులు, దారపు ఉండ అన్నీ తెచ్చుకుంది. నేను నిచ్చెన తీసి ఇంటి చెట్టు దగ్గర పెట్టాను.

“ఇక్కడ కాదు నాన్నా. ఆగిరిపల్లిలో మావయ్య తోటలో చేస్తున్నా.”

మావయ్యంటే మా బావమరిది. ఇరవై ఏళ్ళుగా నేను బాధ్యత లేనివాడికి ఉదాహరణగా చెప్పే మనిషి.

“మావయ్యకి గుర్తుంటుందా?”

“చెప్తుంటే కాగితం మీద రాసుకున్నాడు. నాకు చదివి వినిపించాడు కూడా.”

తెల్లవారకముందే బయల్దేరాలి, ఆ వేళకి బస్సు లేదు. నేను దింపుతానన్నాను. వద్దనలేదు. మొదటిరోజు తోట గేటు దగ్గర బావమరిది ఎదురొచ్చాడు, మఫ్లరు చుట్టుకుని, చేతిలో వేపపుల్లతో.

“రండి బావగారూ, రండి. లోపలికి రావచ్చుగానీ చేతులు మాత్రం వెనక్కి పెట్టుకోవాలి.”

“సరే.”

“తోటంతా చెప్పి పెట్టాను. మా కుక్కక్కూడా.”

“మావయ్యా!” అంది అమ్మాయి.

“ఊరికే అన్నా లేవే. మీ నాన్నకి నా మాటలు అలవాటే. ఎప్పుడూ విన్లేదు గాబట్టి కొత్తగా ఉంటాయంతే.”

ఆ రోజు, మర్నాడు కూడా గేటు దగ్గర బండి మీదే కూర్చున్నాను. ఫోన్ ఇంట్లో పెట్టి వచ్చాను, అందువల్ల చేయడానికి ఏమీ లేదు. మంచులో ఆ పిల్ల చెట్టు చుట్టూ తిరగడం, స్టూలు జరుపుకోవడం, ఎక్కడం, దిగడం చూశాను. ఒక్కో పువ్వు దగ్గర ఎంతసేపు ఆగుతుందో చూశాను. రెండు వందల పూలంటే ఎంత పనో, కిందటేడు మా పెరట్లో జరిగినదాన్ని, ఇక్కడ పరాయి గేటు బయట నుంచి చూసి తెలుసుకున్నాను.

మూడో రోజు నేల ఎగుడుదిగుడుగా ఉన్న చోట స్టూలు ఊగింది. ఆ పిల్ల చుట్టూ చూసింది. మావయ్య పశువుల దగ్గరికి వెళ్ళాడు. నన్నే పిలవాల్సి వచ్చింది.

“నాన్నా, ఇది పట్టుకో. స్టూలు మాత్రమే.”

వెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నాను. తల మీద పూతపొడి రాలుతోంది. దగ్గు వస్తే ఆపుకున్నాను. కాసేపయ్యాక అడిగాను.

“ఇవాళ ఎన్ని పూలు?”

“నలభై.”

“ఎన్ని నిలుస్తాయి?”

“ఇప్పుడే తెలీదు. నిలిస్తే చెప్తా.”

“నాకా?”

పైన పట్టకారు చప్పుడు రెండుసార్లు వినిపించింది.

“ముందు మావయ్యకి,” అంది. “చెట్టు ఆయనది కదా. తరవాత నీకు.”

న్యాయమే అనిపించింది. ఆ పిల్ల పక్క కొమ్మకి ఒంగింది, స్టూలు అటువైపు లేవబోయింది. మోకాలు ఆనించి అదిమిపట్టుకున్నాను.